మూడో గదిలో ఇరవై ఆరు నిమిషాలు

"ఇంకోసారి చెప్పు శ్రుతీ. మంగళవారం నువ్వు ఆ గదిలోంచి బయటికి రాలేదు. అంతేనా?"

"రాలేదు మేడమ్. మూడూ పది నుంచి నాలుగూ ఐదు దాకా లోపలే ఉన్నాను."

ఇది మూడోసారి. మూడుసార్లూ అవే మాటలు, అదే వరస. నిజం చెప్పేవాళ్ళు చెప్పిన ప్రతిసారీ కాస్త అటూ ఇటూ తడబడతారు. ఏదో ఒకటి మరిచిపోతారు, ఏదో ఒకటి కొత్తగా తగిలిస్తారు. అన్నపూర్ణేశ్వరికి ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. చిన్నప్పుడు సంతలో గొడ్ల బేరగాళ్ళ పక్కన నిలబడి నేర్చుకుంది. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ దర్యాప్తు శాఖలో ఇరవై రెండేళ్ళు అదే విద్య వాడుకుంది. ఇప్పుడు ఆ ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశోధనలు చేస్తోంది.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా ముప్పై అయిదు. ఢిల్లీ, జంగ్‌పురాలో సుందరరామయ్య గారి లా ఆఫీసు. బల్ల వెనక ఆయన, డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, తల పట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా ఆయన జూనియర్ శ్రుతి, ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి.

జరిగింది చెప్పుకోవడానికి చిన్నదే. ఉమారాణి అనే ఆమె ఫరీదాబాద్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబులో పని చేసేది. పిల్లల దగ్గు మందు ఒక బ్యాచ్‌ను పరీక్షించకుండానే పరీక్షించినట్టు రాసి పంపించేయడం కళ్ళారా చూసింది. ఇరవై రోజుల క్రితం ఉద్యోగం వదిలేసి ఈ ఆఫీసు మెట్లెక్కింది. కోర్టు కాగితాల్లో ఆమెకు పేరు లేదు, 'సాక్షి ఒకటి' అంతే. ఆఫీసులో ఆమె నలభై ఏడో ఫైలు. ఢిల్లీలోనే ద్వారకా అనే పేటలో ఆమెను దాచిన పీజీ గది సంగతి సుందరరామయ్యకీ, ఆయన భార్య జానకీదేవికీ, శ్రుతికీ తప్ప ఎవరికీ తెలియదు. సోమవారం ఆమె జడ్జి గారి ఎదుట నిలబడి ఇది నా వాంగ్మూలమే అని చెప్పాలి. చెప్పకపోతే కేసు లేదు. ఆ వాంగ్మూలం మీద సంతకం తీసుకోవడానికే మంగళవారం ఆమెను ఇక్కడి మూడో గదికి రప్పించారు.

నిన్న ఉదయం ఆరూ ఇరవైకి ఆమె తలుపు తీసేసరికి గడప ముందు దగ్గు మందు సీసా ఉంది. అదే బ్యాచ్ నంబరు. పక్కన ఒక చెంచా. చీటీ ఏమీ లేదు.

పదకొండు గంటలకల్లా జానకీదేవి ఆమెను ధౌలా కువాన్ దగ్గర ఒక లేడీస్ హాస్టల్లో చేర్చింది. కానీ మొదటి చిరునామా ఎలా పోయిందో తెలియకపోతే రెండోది మాత్రం నిలుస్తుందా? సోమవారం దాకా ఉమారాణి బతికి ఉండటం ఆ ఒక్క ప్రశ్న మీద ఉంది.

"ఝూఠ్ బోల్ రహీ హై," అబద్ధమాడుతోందని హిందీలో తేల్చేశాడు తలుపు దగ్గర నిలబడ్డ మనిషి.

పృథ్వీరాజ్. గుర్గావ్‌లో కంప్యూటర్ల భద్రత చూసే కంపెనీ నడుపుతాడు. కాకినాడ వాళ్ళ అబ్బాయే. తెలుగు మొత్తం అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం హిందీ ఇంగ్లీషుల మధ్య ముక్కలుగానే వస్తుంది. అన్నపూర్ణేశ్వరి మీద నమ్మకం చాలక సుందరరామయ్య నిన్న సాయంత్రం ఇతన్నీ పిలిపించారు. ఆ సంగతి ఆమెకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

అతను లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ట్యూస్‌డే, త్రీ ట్వెంటీ ఎయిట్. ప్రింటర్ పక్కన కంప్యూటర్లో ఫైల్ ఫార్టీ సెవెన్ ఓపెన్ హువా. లాగిన్ శ్రుతి కా. ద్వారకా అడ్రస్ ఉసీ ఫైల్ మే హై. కేస్ క్లోజ్డ్, ఆంటీజీ."

శ్రుతి మొహం పాలిపోయింది. సుందరరామయ్య కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "ఈ పిల్లకి నేనే నల్లకోటు వేయించానండీ," అన్నారు ఎవరితోనో అన్నట్టు.

"ఉండండి సార్," అంది అన్నపూర్ణేశ్వరి. "ఫైలు ఎంతసేపు తెరిచుంది బాబూ?"

"టూ మినిట్స్. వన్ పేజ్ ప్రింట్."

"ఎన్నో పేజీ?"

అతను స్క్రీన్ చూశాడు. "థర్డ్."

"ద్వారకా అడ్రసు ఎన్నో పేజీలో ఉంది?"

అతను తెర మీద పేజీలు వెనక్కి జరిపాడు.

"ఫస్ట్. లేకిన్ ఫోన్ సే ఫోటో లే సక్తీ థీ."

"ఫోన్లు బయట చెక్కపెట్టెలో ఉన్నాయి. రిజిస్టర్లో టైము రాసి తాళం వేశారు. ఆ రిజిస్టరు నువ్వే చూశావు కదా. కోడిని ఎత్తుకుపోవడానికొచ్చినవాడు ఈకలు ఏరుకుని పోతాడా?" ఆమె శ్రుతి వైపు తిరిగింది. "కానీ ఇతని లెక్క మనకొక సాయం చేసింది. మూడూ ఇరవై ఎనిమిదికి నువ్వు గదిలో లేవు. ఎన్నింటికి లోపలికి పోయావమ్మా?"

శ్రుతి చున్నీ కొస వేళ్ళకు చుట్టుకుంటోంది. "మూడూ ఇరవై ఆరుకి బయటికొచ్చాను. ఉమాజీ మూడో పేజీలో ఒక లైన్ మార్చమన్నారు. మళ్ళీ వెళ్ళింది... త్రీ ఫిఫ్టీ టూ."

"ఇరవై ఆరు నిమిషాలు. ప్రింటుకి రెండు. మిగతావి?"

"క్లయింటును బయటివాళ్ళతో ఒంటరిగా వదలకూడదని రూల్ కదా మేడమ్. నాలుగో రూల్. అందుకే చెప్పలేదు." ఆమె గొంతు సన్నబడింది. "పేజీ తీసుకుని డోర్ దాకా వెళ్ళాను. అద్దంలోంచి చూస్తే ఆమె నవ్వుతోంది. ఆమె, ఆ ట్రాన్స్‌లేటర్ అబ్బాయి ఇద్దరూ ఊరి సంగతులేవో మాట్లాడుకుంటున్నారు. ఆ యాస నాకు సగం అర్థం కాదు. కానీ ఆమె ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ నవ్వడం నేను చూడలేదు. నేను వెళ్తే ఆపేస్తుందని వెనక్కొచ్చి కూర్చున్నా."

ఆ నాలుగో నియమం రాసింది అన్నపూర్ణేశ్వరే. కిందటేడు ఈ ఆఫీసు కోసం, క్లయింటుల వివరాలు ఎలా కాపాడాలో మొత్తం పద్నాలుగు రాసిచ్చింది. గోడకు ఫ్రేము కట్టి పెట్టారు. వచ్చినప్పటి నుంచీ ఆమె ఆ గోడ వైపు చూడటం లేదు.

"లోపల ఉమారాణితో ఉన్నది అనువాదం చేసే కుర్రాడేగా?" అని అడిగింది.

"అవునండీ, శివరామకృష్ణ," అన్నారు సుందరరామయ్య. "ఆమె వాంగ్మూలం తెలుగులో రాసుకొచ్చింది. కోర్టుకి ఇంగ్లీషు కావాలి. తర్జుమా చేసినవాడే ఆమెకు చదివి వినిపించి, అర్థమైందని సంతకం తీసుకోవాలి. అది పద్ధతి. ఈ శ్రుతికి తెలుగు చదవడం రాదు, నా చూపు ఆనదు. అందుకే ఇతన్ని పెట్టుకున్నాం. ముఖర్జీ నగర్లో ఉండి సివిల్స్ రాస్తుంటాడు, ఆరోసారి. నమ్మకస్తుడేనండీ. పైగా పేర్లూ ఊర్లూ అన్నీ నల్ల ఇంకుతో కొట్టేసే పంపాం."

"ఉస్కా బ్యాక్‌గ్రౌండ్ చెక్ మైనే కర్ లియా," అన్నాడు పృథ్వీరాజ్. "క్లీన్. మెయిల్, క్లౌడ్, సబ్ క్లీన్."

"గది చూద్దాం పదండి."

మూడో గది మంగళవారం నుంచీ తాళంలోనే ఉంది, పొద్దున పృథ్వీరాజ్ ఫోటోలు తీయడానికి తప్ప తెరవలేదు. ఆ వారమంతా నలభై ఏడో ఫైలుకే కేటాయించారు కాబట్టి ఊడ్చేవాళ్ళు కూడా రాలేదు. అన్నపూర్ణేశ్వరి గడప దాటకుండా చాలాసేపు చూసింది. బల్లకు అటొక కుర్చీ, ఇటొక కుర్చీ ఉండాలి. ఎదురెదురుగా కూర్చుని చదివి వినిపించే పని అది. కానీ రెండు కుర్చీలూ కిటికీ వైపే ఉన్నాయి. ఒకటి గోడకు ఆనుకునేంత దగ్గరగా జరిగింది. మూడో కుర్చీ, శ్రుతిది, వేసినచోటే ఉంది. మూడు టీ గ్లాసుల్లో రెండు ఖాళీ. ఒకటి నిండుగా మీగడ కట్టి ఉంది. అది కిటికీ దగ్గరి కుర్చీ ముందుంది.

"టీ పెట్టించుకుని తాగకుండా వదిలేసింది. అంటే టీ వచ్చాక ఇంకేదో వచ్చింది."

"ఆంటీజీ, ఇస్ రూమ్ కీ ఫార్టీ ఫోటోస్ మేరే పాస్ హై," అన్నాడు పృథ్వీరాజ్ విసుగ్గా. "కెమెరా నహీ, మైక్ నహీ, వైఫై నహీ. గదిలోంచి డేటా బయటికి వెళ్ళే ఛాన్సే నహీ."

"నీ నలభై ఫోటోల్లోనూ ఇది ఉందా?"

కిటికీ అరుగు మీద పాత ల్యాండ్‌లైన్ ఫోను. సుందరరామయ్య వేరే గదుల్లోంచి స్టెనోకు డిక్టేషన్ చెప్పడానికి ఇరవై ఏళ్ళ క్రితం పెట్టించుకున్నది. గదిలో ఉన్న బల్లలాగా, ఫ్యానులాగా అయిపోయి ఎవరి కంటికీ ఆనదు. అరుగంతా సన్నటి దుమ్ము. రిసీవరు మీద మాత్రం దుమ్ము లేదు. తీగ ముడి విప్పుకుని కుర్చీ దాకా సాగి, అలాగే వేలాడుతోంది.

ఆమె రుమాలుతో బటన్ నొక్కింది. చిన్న తెర వెలిగింది. ఆఖరి కాల్, మంగళవారం మూడూ ముప్పై ఒకటి. పదకొండు నిమిషాలు. దాని కింద ఒక మొబైల్ నంబరు.

పృథ్వీరాజ్ వంగి చూశాడు. ఈసారి ఆంటీజీ అనలేదు. తల ఎత్తి మాత్రం, "ఆప్ కే ఫోర్టీన్ రూల్స్ మే యే నహీ థా," అన్నాడు.

"లేదు," అంది అన్నపూర్ణేశ్వరి. "మొబైళ్ళు రాశాను, పెన్‌డ్రైవులు రాశాను, చెత్తబుట్టలో కాగితాలు కూడా రాశాను. ఇది రాయలేదు."

ఆ మాటలో దాపరికం లేకపోవడంతో అతనికి ఇంక పొడవడానికి చోటు దొరకలేదు.

పొద్దుటే రప్పించి బయట కూర్చోబెట్టిన శివరామకృష్ణను లోపలికి పిలిచారు. ముప్పై ఒక్కేళ్ళుంటాయి. ముందు తల అప్పుడే పలచబడుతోంది. భుజాన సంచీలో పుస్తకాలు. అన్నపూర్ణేశ్వరి కాగితం మీద నంబరు రాసి అతని ముందుకు జరిపింది.

"ఇది ఎవరిది నాయనా?"

అతను చదవను కూడా లేదు. చూడగానే కుర్చీలో కూలబడ్డాడు. "నేను అమ్ముకోలేదండీ."

"అమ్ముకున్నావని నేననలేదు. ఎవరిదీ అంటున్నా."

"సీతారత్నం అక్కది. ఉమారాణి గారి అక్క."

"పేర్లన్నీ కొట్టేశామే," అన్నారు సుందరరామయ్య. "నీకెలా తెలిసిందయ్యా?"

"పేర్లు కొట్టేశారు సార్. రెండో పేజీలో మాత్రం ఆమె రాసుకుంది, 'ఉప్పు కొటార్ల పక్కన తుఫాను షెల్టర్లో నడిచే అంగన్‌వాడీకి కూడా ఈ మందే పోతుంది, అక్కడి పిల్లలకి మా అక్క తన చేత్తో పోస్తుంది, అందుకని నాకు నిద్ర పట్టలేదు' అని. అది మీకు ఇంగ్లీషులో ఒక లైను. మా వైపు తుఫాను షెల్టర్లో నడిచే అంగన్‌వాడీ ఒక్కటే ఉంది. మా అన్న కూతురు రోజూ పోయేది అక్కడికే."

అన్నపూర్ణేశ్వరి అతని మొహంలోంచి చూపు తిప్పలేదు. "తెలిస్తే తెలిసింది. ఫోను ఎందుకు కలిపావు?"

"ఎందుకు కలిపానా?" అతని గొంతులో మొదటిసారి వేడి పుట్టింది. "కంపెనీవాళ్ళు ఆమె సామాను దొంగిలించి పారిపోయిందని ఊళ్ళో చెప్పారండీ. సీతారత్నం అక్క పొద్దున స్కూలుకి పోద్ది, సాయంత్రం ఏ స్టేషన్లో ఎవరి శవం దొరికిందన్నా పరిగెత్తుద్ది. అన్నం మానేసిందిరా అని మా అమ్మ ఫోన్లో ఏడ్చింది. ఆ చెల్లెలు నా ఎదురుగా కూర్చుని టీ ముందు పెట్టుకుని ఉంటే, నేను మూడు పేజీలు చదివి వినిపించి, సంతకం తీసుకుని, నమస్కారం పెట్టి వచ్చేయాలా?"

శ్రుతి తల దించుకుంది. సుందరరామయ్య పెదాలు కదిలాయి. "ఒక్క ముక్క," అన్నారు చివరికి. "క్షేమంగా ఉంది, ఎక్కడని అడక్కండి అని ఒక్క ముక్క మనమే ఆవిడకు చేరేసి ఉంటే సరిపోయేది."

ఆ ముక్క చేరకుండా ఆపింది ఆరో నియమం. క్లయింటు కుటుంబానికి ఏ సమాచారమూ ఇవ్వరాదు. రాసేటప్పుడు అన్నపూర్ణేశ్వరికి అది చాలా గట్టి నియమంగా తోచింది. ఇరవై రోజులు ఒక ఆడమనిషి శవాల మధ్య వెతుక్కుంటుందని అప్పుడు తోచలేదు.

"ద్వారకా అని ఎవరు చెప్పారు?"

"ఆమే చెప్పింది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డానండీ. ఎక్కడున్నావే అని అక్క అడిగినట్టుంది. ఇల్లు, సందు, రెండో అంతస్తు, అన్నీ చెప్పింది. నేను ఆపలేదు." అతను అరచేతుల్లోకి చూసుకున్నాడు. "సొంత అక్కకు చెప్పొద్దని ఎట్టా అనేది?"

"అక్క ఎవరికి చెప్పింది?"

"తెలియదండీ. ఆ తర్వాత నేను మాట్లాడలేదు."

రెండూ ముప్పై ఎనిమిది. అన్నపూర్ణేశ్వరి అదే ఫోన్లో అదే నంబరు మళ్ళీ కలిపి, స్పీకరు నొక్కింది. నాలుగు రింగులు. అవతల ఎత్తగానే గది నిండా ఇనప చక్రాల చప్పుడు.

"ఉమా, నువ్వేనా? ఇంకో అయిదు నిమిషాలేనంట తల్లీ."

అన్నపూర్ణేశ్వరి వేలు పెదాల మీద పెట్టి మిగతావాళ్ళకు సైగ చేసింది. "సీతారత్నం గారా? నేను ఉమ వాళ్ళ వకీలు గారి ఆఫీసు నుంచమ్మా. అయిదు నిమిషాల్లో ఏంటి?"

"బండి ఆగుద్దంట. నిన్న పొద్దున చీరాల్లో ఎక్కాం. నడుములు పడిపోయినయ్యి. పోనీలే, దాన్ని చూస్తే చాలు."

"ఎక్కాం అంటున్నారు. తోడు ఎవరొచ్చారు?"

"రాజీవ్ గారని, ఉమా వాళ్ళ కంపెనీలో ఆఫీసరు. తెలుగాయనే. దేవుడల్లే దొరికాడమ్మా. ఈ ఇరవై రోజులూ మీ చెల్లెలి జాడ తెలిసిందా అమ్మా అని రోజూ ఫోన్ చేసి అడిగింది ఆయనొక్కడే. చుట్టాలు కూడా అడగలా. అందుకే మంగళవారం ఉమ మాట్లాడంగానే ముందు ఆయనకే చెప్పా. పదండమ్మా నేను తీసుకుపోతా అన్నాడు."

శివరామకృష్ణ కళ్ళు మూసుకున్నాడు. అన్నపూర్ణేశ్వరి గొంతు మారనివ్వలేదు. "ఏ స్టేషన్లో దిగుతున్నారమ్మా?"

"ఫరీదాబాదు. ఢిల్లీ స్టేషన్ పెద్దది, జనంలో తప్పిపోతారు అన్నాడు రాజీవ్ గారు. నిన్న రాత్రి ఉమ హాస్టల్ ఆవిడ ఫోన్లోంచి చేసింది. భయంగా ఉందక్కా అని ఒకటే ఏడుపు. నేను వస్తన్నా కదే, ఫరీదాబాదు రా అన్నా. ఆ ఊరొద్దక్కా అంది. నా కోసం రాలేవా ఏంటే అని కోప్పడ్డా. వస్తానంది. దిగంగానే మెట్రో ఎక్కేద్దాం, ఒక్క నిమిషం కూడా అక్కడ ఉండొద్దు అంది."

శ్రుతి అప్పటికే చెక్కపెట్టెలోంచి తన ఫోను లాక్కుని వరండాలో హాస్టల్‌కు కలిపింది. అద్దం అవతల నుంచి ఆమె తల అడ్డంగా ఊపింది. ఒకటి అని వేలు చూపించింది. ఉమ ఒంటిగంటకే వెళ్ళిపోయింది. పృథ్వీరాజ్ ఎవరూ చెప్పకుండానే పోలీసులకు ఫోన్ కలిపి, హిందీలో గబగబా ఫరీదాబాద్ స్టేషన్ పేరు చెబుతున్నాడు. ఏ ప్లాట్‌ఫారమని అవతలివాళ్ళు అడుగుతున్నారు. అతనికి తెలియదు.

"ఆయన వస్తున్నట్టు ఉమకి చెప్పారా అమ్మా?"

"లేదు. కంపెనీవాళ్ళంటే బెదిరిపోయుంది, ఎదురుపడ్డాక నేనే సర్ది చెబుతా అన్నాడు."

"ఇప్పుడు మీ పక్కనే ఉన్నాడా?"

"సామాను దించుతానని తలుపు కాడికి పోయాడు. ఎందుకమ్మా, మాట్లాడతారా?"

"వద్దు. పిలవకండి." అన్నపూర్ణేశ్వరి ఫోను మీదికి వంగింది. ఇరవై రెండేళ్ళలో ఎందరి చేతో ఎన్నో చెప్పించిన గొంతు ఇప్పుడు ఒక్క మాట నమ్మించడానికి వెతుక్కుంటోంది. "సీతారత్నం గారూ, నేను చెప్పేది వినండి. నిన్న ఉమ భయపడింది ఆయన మనుషులకే. ఆ దగ్గు మందు సంగతి ఉమ బయటపెట్టింది. మీ స్కూలు పిల్లల కోసమే బయటపెట్టింది. వాళ్ళు ఆమె నోరు మూయించాలని చూస్తున్నారు. మీరు దిగొద్దు. కిటికీలోంచి ఉమ కనపడితే పారిపొమ్మని అరవండి."

అవతల చక్రాల చప్పుడు నెమ్మదించింది. బ్రేకులు కీచుమన్నాయి.

"ఆయన అట్టాంటోడు కాదమ్మా," అంది సీతారత్నం. గొంతు మాత్రం తగ్గించింది. "రాత్రి నాకు చలేస్తే తన దుప్పటిచ్చాడు."

"నా మాట నమ్మండి. మీకు తెలియకుండా దాచింది మేమే. తప్పు మాదే. ఈ ఒక్కసారికి నమ్మండి."

బండి ఆగింది. ప్లాట్‌ఫారం మీది గోల, చాయ్ అమ్మేవాడి కేక, ఎక్కడో ఎవరో పిలుస్తున్న పిలుపు.

"అదిగో ఉమ," అంది సీతారత్నం, ఏడుపూ నవ్వూ కలిసిపోయిన గొంతుతో. "ఎంత చిక్కిపోయిందో. చెయ్యూపతంది. మీరు ఊరికే భయపడతన్నారు గానీ, అది ఒక్కతే రాలేదులే అమ్మా. వెనకాల ఇద్దరు మగాళ్ళు దాన్ని ఆనుకుని నిలబడున్నారు. మీ ఆఫీసువాళ్ళేగా?"